ఎక్కినవాళ్ళు, దిగినవాళ్ళు

ఒర్లియంపేట, పుదుచ్చేరి
16 ఏప్రిల్ 2025

అక్కకు, కామరాజు రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. బావ మోకాలు ఎలా ఉంది?

ఫోనులో సరిగ్గా మాట్లాడలేదని కోప్పడ్డావు. నిజమే. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే నాకు "ఆఁ", "సరే" తప్ప మాట రాదు. నువ్వు ఏటేటా యానాం నుంచి పంపిన తెలుగు క్యాలెండర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. కాగితం మీదైతే కొంత నయం. అందుకే రాస్తున్నాను.

నిన్నటి నుంచి వేట నిషేధం మొదలైంది. రెండు నెలలు మర పడవలు సముద్రంలోకి పోవు. తేంగాయితిట్టు రేవులో అన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి. పిళ్ళైచావడిలో మగవాళ్ళు ఇసుకలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ఆ ఊరి కబడ్డీ పోటీలు జరిగేది ఈ రెండు నెలల్లోనే. సర్కారు పనుల ఆఫీసులో డ్యూటీ చేసినప్పుడూ, రిటైరయ్యాకా, ఇరవై ఎనిమిదేళ్ళు ఆ పోటీలకు జనం కూర్చునే గ్యాలరీ, కర్రలతో, తాళ్ళతో, కట్టింది నేనే. పోయినేడు జరిగింది నీకు సగమే చెప్పాను. మిగతా సగం ఇది.

ఫైనల్ రోజు తూర్పు వైపు మూడో వరుస ఒక్కసారిగా జానెడు కిందికి దిగింది. జనం ఒకరి మీద ఒకరు ఒరిగారు. పూంగొడి అనే ఆమె ఎడమ చెయ్యి విరిగింది. పోలీసులు వచ్చి అడిగితే "నేనే కాలు జారి పడ్డాను" అని చెప్పింది. కేసు లేదు. ఊళ్ళో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. తాళ్ళ సంచి అటక మీద పెట్టేశాను.

ఇవాళ ఆ పూంగొడి బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. ఆమె మాట్లాడేది అరవం, నేను మన ఇంటి తెలుగులో రాస్తున్నాను. గడపలో నిలబడే మొదలుపెట్టింది.

"ఏంది కామరాజూ, విరిగింది నా చెయ్యి. మూలన కూచునింది నువ్వా? ఇదేం నాయం?"

ఈ ఏడు గ్యాలరీ వద్దని మా పాత ఆఫీసువాళ్ళు అన్నారట. ఆటస్థలం చుట్టూ అరవై అడుగుల దూరంలో తగరం రేకులు పాతి, జనాన్ని వాటి వెనక నిలబెడతారట. ముందు మాత్రం హోదా ఉన్న పెద్దవాళ్ళకు అరవై కుర్చీలు. ఆడవాళ్ళ ఫైనల్ ఆడేది పూంగొడి మనవరాలు కయల్విళి. జట్టుకు కెప్టెన్.

"నా మనవరాలు కూతకి పోతే నేను యాడ నిలబడి చూడాల? రేకులో చిల్లు పెట్టుకునా?"

లోపలికి పోయి గ్లాసు తెచ్చిచ్చాను. మజ్జిగ తాగి వెళ్ళిపోయింది.

నేటి లెక్క: కట్టిన ముడులు సున్నా.

తమ్ముడు
కామరాజు


యానాం
22 ఏప్రిల్ 2025

ఒరేయ్ రాజూ, నీకు అక్క ఆశీస్సులు, రెండు మొట్టికాయలు కూడా.

నీ ఉత్తరం వచ్చింది. మీ బావకు చదివి వినిపిస్తే "మీ తమ్ముడు ఉత్తరం రాశాడా, రిపోర్టు రాశాడా?" అన్నారు. ఆయన మోకాలు బాగానే ఉంది. డాక్టరు నడవమన్నాడని తెల్ల బూట్లు కొన్నారు. నడిస్తే మాసిపోతాయని గట్టు మీదికి వెళ్ళడం మానేశారు. రోజూ అరుగు మీద కూర్చుని తుడుస్తున్నారు.

ముందు ఒకటి చెప్పు. ఈ పూంగొడి ఎవర్రా? మరదలు పోయి నాలుగేళ్ళయింది, నువ్వు ఒంటరివాడివి, నేను కాదనను. కానీ పోలీసులకు అబద్ధం చెప్పి నిన్ను కాపాడిందంటావు, బస్సెక్కి ఇంటికొచ్చి తిట్టిందంటావు, మజ్జిగ తాగిందంటావు. లోకం ఏమీ అనుకోదా? నాకైనా ముందు చెప్పొద్దా?

రెండోది. ఇరవై ఎనిమిదేళ్ళుగా కబడ్డీ, కబడ్డీ అంటావు. ఏ ఒక్క ఏడైనా ఎవరు గెలిచారో చెప్పావా? ఎన్ని కర్రలు, ఎన్ని ముడులు, ఎంతమంది జనం, అంతే. ఆట ఎలా ఉంటుందిరా?

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఆఫీసువాళ్ళు చెప్పిందే సబబు. రేకులు కడితే కట్టనీ. జనం దూరంగా నిలబడితే ఎవరి చేతులూ విరగవు. నీకు అరవై రెండేళ్ళు. నాన్న చేసిన పని నువ్వు పట్టుకోవడం అమ్మకు మొదటినుంచీ ఇష్టం లేదు. ఎందుకో ఇప్పుడు అడక్కు. అటక మీది సంచి అటక మీదే ఉండనీ.

ఎండగా ఉంది, పుచ్చకాయ తిను.

నీ అక్క
సత్యవతి


ఒర్లియంపేట
29 ఏప్రిల్ 2025

అక్కకు, నమస్కారం. బావ బూట్ల సంగతి చదివి నవ్వుకున్నాను.

పూంగొడికి డెబ్బై ఏళ్ళు. ముగ్గురు మనవళ్ళు, ఒక మనవరాలు. రేవులో వేలం పాటలో చేపలు కొని గంపలో అమ్ముతుంది.

సంచి దించాను. కోప్పడకు, ఎందుకో రాస్తాను.

పోయినేడు తప్పు నాదే. ముడులు కట్టడానికి నేను ఎప్పుడూ కొబ్బరిపీచు తాడే వాడతాను. ముందురోజు నీళ్ళలో నానబెట్టి, తడిగా ఉండగా కట్టాలి. ఆరేకొద్దీ అది కర్రను కరిచి పట్టుకుంటుంది. పోయినేడు పోటీలు నడిపే పాండియన్, ఊరు తరఫున, కొత్త నైలాన్ తాడు చుట్ట తెచ్చాడు. పడవకు కట్టే నీలం తాడు. వాళ్ళకు అంతకన్నా విలువైనది లేదు. పదిమంది ముందు దాన్ని దండలాగా నా మెడలో వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నైలాన్ కర్ర మీద జారుతుందని నాకు తెలుసు. జనం కూర్చుంటే జారదు. జనం ఎగిరితే జారుతుంది. తెలిసి కూడా "ఒద్దు" అనే మాట నా నోట రాలేదు. కట్టాను. పూంగొడి చెయ్యి విరగడానికి కారణం ఆ రాని మాటే.

పోయిన వారం పాండియన్ దగ్గరికి పోయి చెప్పేశాను.

"నైలాన్ ఒద్దు పాండియన్. పోయినేడు కూడా ఒద్దనే చెప్పాల్సింది."

 "మరి అప్పుడే చెప్పుంటే ఏం బోయేది అణ్ణే?" అన్నాడు. అంతే. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పీచు తాడు తనే తెచ్చాడు.

ఇంక ఆఫీసు సంగతి. అనుమతి ఇవ్వాల్సింది ఫణిధర్ అనే జూనియర్ ఇంజనీరు. మీ యానాం అబ్బాయే. తెలుగువాడు కదా అని నేను నా నోటు పుస్తకం పట్టుకుపోయాను. రోజూ రాసుకునే పుస్తకమే. ప్రతి పోటీలో జనం ఎక్కడెక్కడ కూర్చున్నారో, ఎక్కడెక్కడ ఎక్కారో అందులో ఉంది. 2016లో గ్యాలరీ ఒక వైపే కట్టమన్నారు. ఆ ఏడు వలల షెడ్డు కప్పు మీద ముప్పై ఏడు మంది ఎక్కారు. వేపచెట్టు మీద పదకొండు మంది. ఐసు లారీ మీద పద్నాలుగు మంది. రెండు వైపులా కట్టిన ఏళ్ళలో షెడ్డు మీద ఎవరూ లేరు, చెట్టు మీద ఒకరో ఇద్దరో.

"కనబడని చోట నిలబెడితే, కనబడే చోటికి ఎక్కుతారు సార్. అది నేను కట్టినదాని కన్నా ఎత్తు" అన్నాను. నేను ఆఫీసులో మాట్లాడిన అతి పెద్ద మాట అదే.

అతను ఆ పేజీ ఫోటో తీసుకున్నాడు. "చూసి చెబుతానండి" అన్నాడు. నవ్వలేదు.

నేటి లెక్క: నానబెట్టిన తాడు పన్నెండు చుట్టలు.

కామరాజు


యానాం
5 మే 2025

రాజూకు,

డెబ్బై ఏళ్ళా! ముందే ఏడవొచ్చుగా. మీ బావ దగ్గర, పక్కింటి వాళ్ళ దగ్గర, నా పరువు పోయింది. మా తమ్ముడికి మళ్ళీ ఓ తోడు దొరికిందని అందరికీ చెప్పేశాను. ఒకావిడ స్వీటు కూడా అడిగింది.

ఫణిధర్ నాకు తెలియకపోవడం ఏంటి? మా వీధి చివర ఇల్లే వాళ్ళది. పరీక్షలకు చదివేటప్పుడు మా మేడ మీదే కూర్చునేవాడు. నేను వేసిన పెసరట్లు లెక్కపెడితే నీ నోటు పుస్తకం చాలదు. మంచి కుర్రాడు, కాస్త మొండి.

సంచి దించావని చదవగానే గుండెల్లో రాయి పడింది. నేను చెప్పినా వినవని తెలుసు. నీ నోరు మూసుకుని ఉంటుంది, నీ చేతులు మాత్రం ఎవరి మాటా వినవు. సరే. ఆ కుర్రాడి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ఇంకేమీ మాట్లాడకు.

నీ అక్క
సత్యవతి


ఒర్లియంపేట
11 మే 2025

అక్కకు,

నువ్వు చూసుకున్నావు. సంతోషం.

నిన్న ఫణిధర్ పిళ్ళైచావడి వచ్చాడు. తూర్పు వైపు నిలువు కర్రలు పాతడం అయింది, అడ్డకర్రలు కడుతున్నాం. నన్ను పక్కకు పిలిచి, మొహమాటంగా, "సత్యవతి మామ్మగారు ఫోన్ చేశారండీ, మీ గురించి..." అన్నాడు. మిగతాది నేను విననివ్వలేదు. తాడు కింద పెట్టి దూరంగా నడిచిపోయాను.

నా పని బాగుంటే సంతకం పెట్టాలి. లేకపోతే కూల్చమనాలి. నీ పెసరట్లు తిన్నాడని పెట్టే సంతకం మీద జనాన్ని ఎక్కించలేను. పోయినేడు ఒకరి అభిమానం మెడలో వేసుకుని కట్టాను, ఏమైందో చూశావు. ఈ ఏడు మా అక్క అభిమానమా?

తిరిగివచ్చి అతనికి చెప్పాను: "సార్, మీరు సంతకం పెట్టొద్దు. 18వ తేదీ ఆదివారం ఊరంతా చూస్తుండగా పరీక్ష పెడదాం. ఇసుక మూటలతో. తర్వాత మనుషులతో. నిలబడితే పెట్టండి."

ఇంతకంటే రాయను.

నేటి లెక్క: ముడులు నూట నలభై. మనసు బాగాలేక అందులో తొమ్మిది విప్పి మళ్ళీ కట్టాను.

కామరాజు


యానాం
15 మే 2025

తమ్ముడూ,

స్పీడు పోస్టులో పంపిస్తున్నాను. నువ్వు అంత కోపంగా రాయగలవని నాకు ఇప్పుడే తెలిసింది. చదివి ఏడ్చాను, తర్వాత నవ్వొచ్చింది. నేను ఆ అబ్బాయికి ఏం చెప్పానో నువ్వు వినకుండా నడిచిపోయావుగా, నాన్నలాగే. ఇప్పుడు విను.

సంతకం పెట్టమని చెప్పలేదురా. పెట్టొద్దని చెప్పాను. "బాబూ, ఆ గ్యాలరీకి పర్మిషన్ ఇవ్వకు, ఏదో ఒక వంక పెట్టి ఆపెయ్" అని బతిమాలాను.

ఎందుకంటే, నీకు ఏడేళ్ళు, నాకు పదకొండేళ్ళప్పుడు, నాన్న నాలుగు రోజులు ఇంటికి రాలేదు. విలియనూరులో పనికి వెళ్ళాడని నీతో చెప్పాం. ఆయన వెళ్ళలేదు. ఆయన కట్టిన నాటకం పందిరి గాలికి ఒరిగి ఇద్దరికి దెబ్బలు తగిలాయి. నాన్నను స్టేషనులో కూర్చోబెట్టారు. అమ్మ వెళ్ళలేక నన్ను పంపేది. కారియరు పట్టుకుని రోజూ రెండు పూటలా నేనే వెళ్ళాను. నాన్న బల్ల మీద కూర్చుని తన చేతుల వంక చూసుకునేవాడు. నాలుగో రోజు వదిలేశారు. ఆయన తప్పు లేదని తేలింది, నాటకంవాళ్ళే కప్పు మీద కొబ్బరాకు ఎక్కువ వేయించారట. తప్పు లేదని తేలినా ఆ తర్వాత ఆయన తాడు ముట్టలేదు. నీకు నేర్పమని ఎవరో అడిగితే "వాడికి ఆ పని ఒద్దు" అన్నాడు. "తమ్ముడికి చెప్పకు" అని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. యాభై ఏళ్ళకు పైనే మోశాను. ఇవాళ దింపేశాను.

మళ్ళీ ఆ కారియరు పట్టుకుని నడవలేనురా. అరవై ఆరేళ్ళు నాకు. అందుకే ఫోన్ చేశాను.

ఆ కుర్రాడు ఏమన్నాడో తెలుసా? "మామ్మగారూ, మీ పెసరట్టు తిన్నాను, కాదనను. కానీ బాగుంటే పెడతాను, బాగోకపోతే పెట్టను. ఇందులో మీ మాట వినను" అన్నాడు. ఫోన్ పెట్టేశాక మీ బావ "శభాష్" అన్నారు. నన్ను కాదు, వాణ్ణి.

కోపం పోయిందా? ఒక్క ముక్క రాయి.

అక్క


ఒర్లియంపేట
20 మే 2025

అక్కకు, కామరాజు సాష్టాంగ నమస్కారం. నిన్న నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను.

నాన్న తిరిగొచ్చిన రోజు నాకు గుర్తుంది. ఒక ఎర్ర బొంగరం తెచ్చి ఇచ్చాడు. విలియనూరు నుంచి అన్నాడు. ఆ బొంగరం చాలా ఏళ్ళు దాచుకున్నాను. పదిహేనేళ్ళప్పుడు ముడి వేయడం నేర్పమని అడిగితే లేచి వెళ్ళిపోయాడు. నేను ఆ పనికి తగనని అనుకున్నాడనుకున్నాను. పందిళ్ళ కింద నిలబడి, వేరేవాళ్ళు కట్టిన ముడులు చూసి, ఇంట్లో మంచం కోడుకు కట్టి నేర్చుకున్నాను. ఆయనకు నేనూ తగుతానని చూపించాలని. ఇన్నేళ్ళూ నేను కోపంతో కట్టానక్కా. ఆయన ప్రేమతో ఒద్దన్నాడు.

నువ్వు పదకొండేళ్ళ పిల్లవు. ఆ కారియరు బరువు నాకు ఎవరూ చెప్పలేదు. నన్ను క్షమించు.

ఇంక పరీక్ష సంగతి. భయపడకు, చదువు.

మొన్న శనివారమే ఒక్కో వరుసకు నూట ఎనిమిది ఇసుక మూటలు పెట్టించాం. మనుషుల బరువుకు రెండింతలు. "అష్టోత్తరం పూజలా ఉందండి" అన్నాడు ఫణిధర్. అదే అతను వేసిన మొదటి జోకు. ఒక పగలు, ఒక రాత్రి ఉంచాం. ముడి ఒక్కటీ కదల్లేదు. పడమటి వైపు వెనక మూల కర్ర మాత్రం ఇసుకలో రెండు వేళ్ళు దిగింది. అతనే కనిపెట్టాడు, నేను కాదు. మోకాళ్ళ మీద కూర్చుని స్కేలుతో కొలిచాడు. ఆ గుంత తవ్వించి, అడుగున వెడల్పు పలక వేయించి, మళ్ళీ పాతించాడు. పోయినేళ్ళలో అలా ఎవరూ చూడలేదు. చూసుంటే బాగుండేది.

ఆదివారం మూటలు దింపాం. ఇసుక ఎగరదు కదా, జనం ఎగురుతారు. కింద వలలన్నీ కుప్పలుగా పోశారు. నిషేధం కాబట్టి ఊళ్ళోని వలలన్నీ ఒడ్డునే ఉన్నాయి, నడుము లోతు పరుపు అయింది. కట్టినవాళ్ళం నలుగురం, కబడ్డీ మగ జట్టు, పడవలవాళ్ళు, అంతా నలభై ఐదు మంది మూడో వరుస ఎక్కాం. ఫణిధర్ బూట్లు విప్పి ఎక్కాడు. "సార్, మీరెందుకు?" అన్నాను. "సంతకం నాదే కదండీ" అన్నాడు.

పూంగొడి నిచ్చెన మీద కాలు పెట్టింది.

"ఒద్దు. దిగు" అన్నాను.

"అబ్బో! కామరాజుకి నోరొచ్చిందే! యాడ దాచిపెట్టినావు ఇన్నాళ్ళూ?" అని అరిచింది. ఊరంతా నవ్వింది. కానీ దిగింది.

పాండియన్ ఈల వేశాడు. ఎగిరాం. వంద సార్లు. పలక ఊగి తన చోటికి తను వచ్చింది. ఫణిధర్ దిగి, ప్రతి ముడినీ చేత్తో పట్టి చూసి, ఫైలు మోకాలి మీద పెట్టుకుని సంతకం పెట్టాడు. షరతులు కూడా రాశాడు. వరుసకు నలభై ఐదు మందే. పై వరుసలో ఎవరూ నిలబడకూడదు. రెండు వైపులా నిచ్చెన దగ్గర లెక్క ఉండాలి. మూడూ న్యాయమైనవే.

ఆదివారం ఫైనల్.

నేటి లెక్క: ముడులు 1,212. జారినవి సున్నా.

తమ్ముడు
కామరాజు


యానాం
22 మే 2025

రాజూకు,

కార్డు ముక్క చాలు, చెప్పేది ఒకటే. నువ్వు ఎప్పుడూ గ్యాలరీ కింద చేరి తాళ్ళు పట్టుకుని కూర్చుంటావని మరదలు చెప్పేది. ఈసారి తాళ్ళ సంగతి తాళ్ళు చూసుకుంటాయి. నువ్వు ఆట చూడు. చూసి నాకు రాయి. మీ బావ ఇవాళ బూట్లు వేసుకుని పోస్టాఫీసు దాకా నడిచి ఈ కార్డు వేస్తున్నారు. ఆయనే నడిచినప్పుడు నువ్వు ఓ ఆట చూడలేవా?

అక్క


ఒర్లియంపేట
26 మే 2025

అక్కకు,

కార్డు శనివారం అందింది. జేబులో పెట్టుకునే వెళ్ళాను. కానీ నిజం చెప్పాలి కదా, ఆట మొదలయ్యేసరికి అలవాటు కొద్దీ గ్యాలరీ కిందే ఉన్నాను.

సాయంత్రం నాలుగున్నరకు జనం వచ్చారు. నిచ్చెనల దగ్గర వలలు అల్లే ఆడవాళ్ళు ఇద్దరు కూర్చున్నారు. ఒకరు ఎక్కితే ఒక గవ్వ ఒక బక్కెట్లో, దిగితే ఒక గవ్వ ఇంకో బక్కెట్లో. తూర్పు 270, పడమర 270. లెక్క నిండగానే ఆపేశారు. పూంగొడి తూర్పు మూడో వరుసలో కూర్చుంది. పోయినేడు కూర్చున్న చోటే. కావాలనే.

మొదటి సగం బాగానే గడిచింది. అవతలి జట్టు కారైక్కాల్ పిల్లలు, గట్టివాళ్ళు. విరామంలో రోడ్డు వైపు నుంచి ఇంకో గుంపు వచ్చింది. వంద మంది పైనే. నిచ్చెన దగ్గర ఆపితే, పక్క కర్రలు పట్టుకుని తూర్పు వైపు ఎక్కేశారు. నేను అడ్డకర్ర మీద చెయ్యి పెట్టి ఉన్నాను. ముడి జారలేదు. కానీ కర్ర మూలగడం అరచేతికి తెలిసింది. రెండింతలకు పరీక్ష చేశాం, నిజమే. రెండింతల మంది ఒక్కసారే ఎగిరితే ఏమవుతుందో ఎవరూ పరీక్షించలేదు.

పాండియన్‌తో చెప్పాను, ఆట ఆపమని. "అణ్ణే, ఇప్పుడు ఆపితే జనం గోల చేస్తారు" అన్నాడు. ముందు కుర్చీల్లో పెద్దవాళ్ళు కూర్చుని ఉన్నారు. అతని భయం నాకు అర్థమైంది. పోయినేడు నా భయం కూడా అలాంటిదే.

నేను పోటీ నడిపేవాళ్ళ బల్ల దగ్గరికి పోయి మైకు తీసుకున్నాను, అక్కా.

మొదట ఏమీ రాలేదు. మైకులో నా ఊపిరి వినిపించింది. జనం నవ్వారు. తర్వాత అన్నాను:

"నా పేరు కామరాజు. ఈ గ్యాలరీ కట్టింది నేను. పోయినేడు మూడో వరుస కూలింది నా తప్పుతోనే. పూంగొడమ్మ కాలు జారలేదు. నా ముడి జారింది."

ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడు ముడి గట్టిగా ఉంది. కానీ మీరు ఎక్కువ ఉన్నారు. ఎక్కువ ఎక్కినోళ్ళు దిగాల. దిగినోళ్ళని నేను ఎనకాల నిలబెట్టను. అందరికంటే ముందర, ఇసక మీద, గీత పక్కన కూచోబెడతా. దిగేదాకా ఆట జరగదు. నేను యాడికీ పోను."

అంతే అన్నాను. ఎక్కినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మూడో వరుస నుంచి పూంగొడి గొంతు: "ఏంరా చూస్తా ఉండారు? ముందర సీటు ఇస్తానంటే బంగారం ఇచ్చినట్టు, దిగండ్రా!"

దిగారు. ఒకడు, పదిమంది, కర్రలు పట్టుకుని ఎక్కినవాళ్ళంతా, ఆ కర్రల మీదుగానే. ముందున్న అరవై కుర్చీల్లో పెద్దవాళ్ళు వచ్చి కూర్చున్నవి పన్నెండే. మిగతా నలభై ఎనిమిదీ ఖాళీ. ఫణిధర్ మొదటి కుర్చీ తనే ఎత్తి పక్కన పెట్టాడు. తర్వాత పోలీసాయన ఒకటి ఎత్తాడు. రెండు నిమిషాల్లో ఆ చోటంతా ఇసుక. పాండియన్ పరుగెత్తి వెళ్ళి పోయినేటి నీలం నైలాన్ తాడు తెచ్చి, గీతకు పది అడుగుల ఇవతల హద్దుగా లాగాడు. దిగినవాళ్ళు దాని వెనక బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. "అణ్ణే, ఈ తాడు దీనికి పనికొస్తాదా?" అన్నాడు నన్ను చూసి. "దీనికి బ్రహ్మాండం" అన్నాను. అతని మొహం వెలిగింది. వలల షెడ్డు వైపు చూశాను. కప్పు మీద ఎవరూ లేరు. వేపచెట్టు మీద కాకులే.

నేను మళ్ళీ కిందికి దూరాను. తాళ్ళన్నీ చూశాను. బాగున్నాయి. అప్పుడు పైనుంచి ఒక చెయ్యి, మూడో వరుస పలకల సందులోంచి, నా చొక్కా కాలరు పట్టుకుంది. ఎడమ చెయ్యి. విరిగి అతికిన చెయ్యి.

"ఎంతసేపు ఎలకలాగా కింద ఉంటావు? పైకి రా."

లాగింది. ఎంత బలమో! సందులోంచి ఎక్కి ఆమె పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. నలభై ఆరో మనిషిని. షరతు తప్పిందని చెప్పాను. "రాసుకో నీ పుస్తకంలో" అంది.

ఇదిగో, ఆట అడిగావుగా. రాస్తున్నాను.

కారైక్కాల్ ఇరవై ఎనిమిది, మనవాళ్ళు ఇరవై ఏడు. చివరి కూత. కయల్విళి వెళ్ళింది. సన్నటి పిల్ల, మోకాలికి పట్టీ. ఎడమ మూలకు వెళ్ళినట్టు వెళ్ళి, కుడికి తిరిగి ఒకమ్మాయి భుజం తాకింది. వెనక్కి రావచ్చు, సమానం అయ్యేది. రాలేదు. ఇంకో అడుగు లోపలికి వేసి కాలు చాపి రెండో అమ్మాయిని తాకింది. అప్పుడు మూడో అమ్మాయి ఆమె నడుము పట్టేసింది. ఇద్దరూ పడ్డారు. జనం అరుపులు తప్ప ఇంకేం వినపడలేదు నాకు. కాదు, జనం అరుపులు కూడా ఆగిపోయాయి. ఆ పిల్ల కూత ఒక్కటే వినిపించింది, సన్నగా, తెగకుండా. ఇసుకలో పాకుతూ, ఆ అమ్మాయిని నడుముకు తగిలించుకునే ఈడ్చుకుంటూ, చెయ్యి చాపింది. వేలి కొస గీత దాటింది. ముగ్గురూ అవుట్. ముప్పై, ఇరవై ఎనిమిది.

ఐదు వందల నలభై మంది ఒక్కసారే ఎగిరారు అక్కా. ఇసుక మీద కూర్చున్నవాళ్ళు లేచి ఎగిరారు. ఫణిధర్ ఫైలు కింద పడేసి ఎగిరాడు. పూంగొడి నా చెయ్యి పట్టుకుని ఎగిరింది. నా కాళ్ళ కింద పలక ఊగింది, తన చోటికి తను వచ్చింది. అది నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నేను పలక వంక చూడలేదు. నేనూ ఎగిరాను.

ఇంతకాలం జనం ఎందుకు అలా ఎగురుతారో, నా ముడుల్ని ఎందుకు అలా పరీక్షిస్తారో నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. కూర్చోబెట్టి ఉంచలేం. ఎగిరినా నిలబడేటట్టు కట్టాలి. నాన్న ఉంటే చెప్పేవాణ్ణి. నీకు చెబుతున్నాను.

చీకటి పడకముందే అందరం నిచ్చెన మీద నెమ్మదిగా దిగాం. ఒక్క గీరుడు కూడా లేదు. పన్నెండు మంది పెద్దవాళ్ళలో ఒకాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. నాకు వినపడలేదు, చెవుల్లో ఇంకా ఆ పిల్ల కూతే ఉంది. కయల్విళి కప్పు తెచ్చి వాళ్ళ అవ్వ తల మీద చేపల గంపలాగా పెట్టింది. ఆ గంప పెట్టుకునే పూంగొడి ఇంటిదాకా నడిచింది. ఆమె వెనక ఊరంతా.

బావకు చెప్పు, ఆయన బూట్లు మాసినందుకు ఫలితం దక్కిందని. నువ్వు కారియరు పట్టుకుని ఎక్కడికీ పోనవసరం లేదు. వచ్చే వేట నిషేధానికి ఇక్కడికి రా. మూడో వరుసలో కూర్చుందువు.

నేటి లెక్క: ముడులు 1,212, జారినవి సున్నా. ఎక్కినవాళ్ళు 540. దిగినవాళ్ళు 541. గవ్వలు మూడుసార్లు లెక్కపెట్టాను. ఒకటి ఎక్కువే ఉంది. దిద్దలేదు.

తమ్ముడు
కామరాజు